గోదాము తిప్పడానికి కావలసిన ర్యామ్

మా ఇంటి కంప్యూటర్‌ను నేనే బరువు చూసి కొనిపించాను. విమానాశ్రయం దగ్గర ఏదో ఆఫీసు ఖాళీ చేస్తూ పాత సామాను అమ్మేస్తే, దాన్ని కొన్న వ్యాపారి శంషాబాద్‌లో ఒక షట్టర్ దుకాణం కిరాయికి తీసుకుని అన్నింటినీ గోడ వెంట నిలబెట్టాడు. నా కోడలు సన్నగా, చూడముచ్చటగా ఉన్న ఒకదాని దగ్గర నిలబడింది. నేను మూలనున్న నల్లదాన్ని రెండు చేతులా ఎత్తబోయాను. అది కదల్లేదు. ఇదే కావాలన్నాను. బరువున్న వస్తువు లోపల ఏదో ఒకటి ఉండే తీరుతుందని నా నమ్మకం. వ్యాపారి నన్ను చాలా మెచ్చుకున్నాడు. ఇది మామూలు కంప్యూటర్ కాదనీ, పెద్ద ఇంజనీర్లు వాడే వర్క్‌స్టేషన్ అనీ చెప్పాడు. అమ్మేవాడు మెచ్చుకుంటే అనుమానించాలని నాకు తెలుసు. కానీ ఆ బరువు ముందు అనుమానం నిలవలేదు.

దానికి పాత చీర చింపి ముసుగు కుట్టాను. వెనక నుంచి వేడి గాలి వస్తుంది కాబట్టి మనుమల సాక్సులు అక్కడే ఆరేసేదాన్ని. గాలి ఊరికే పోవడం నాకు నచ్చదు.

కోడలు డిప్లొమా చదివింది. ఇళ్లకు, ప్లాట్లకు, గోదాములకు నక్షాలు గీస్తుంది. పగలు ఒక ఇంజనీరు ఆఫీసులో, సాయంత్రం ఇంట్లో ఈ నల్లదాని ముందు కూర్చుంటుంది. మా చుట్టుపక్కల పొలాల్లో ఇప్పుడు లేచి నిలబడిన గోడలు చాలావరకు ముందు ఈమె తెరమీద నిలబడినవే. అయితే ప్రతి నక్షా కింద మూలన ఒక చిన్న గడి ఉంటుంది. గీసినవారి పేరు అందులో రాస్తారు. గీసేది ఈమె, గడిలో కూర్చునేది ఇంజనీరు పేరు. వండింది ఒకరు, వడ్డించి పేరు తెచ్చుకునేది ఒకరు అన్నట్టు ఏళ్లు గడిచాయి. కోడలు ఒక్కనాడూ నోరు తెరిచి అనలేదు కానీ, కాగితం మడిచేటప్పుడు ఆ మూల లోపలికి పోయేలా మడవడం నేను చూశాను.

మొన్న ఎండలు ముదరకముందు కందుకూరు దిక్కు రైతు ఒకాయన గోదాము కట్టిస్తానని ఇంజనీరు దగ్గరికి వచ్చాడు. ఇంజనీరు కోస్తా మనిషి. మాట మెత్తన. ఆయనకు ఊపిరాడనంత పని ఉంది. కోడలితో ఇలా అన్నాడట:

"ఈ గోదాము మొత్తం మీరే చూసుకోండమ్మా. ఆయనకి కాగితం మీద గీతలు అర్థం కావు. కట్టేసినట్టే తెరమీద చూపించాలి, చుట్టూ తిప్పాలి, లోపలికి తీసుకెళ్లాలి. ఆఫీసులో కంప్యూటర్లు ఖాళీ లేవు, మీ ఇంటికే తీసుకొస్తాను. ఆయన ఒప్పుకుంటే ఆ గడిలో మీ పేరే వేసుకోండి."

ఆ రోజు కోడలు ఇంటికి వచ్చి ముందు అన్నం తినలేదు, ముందు కంప్యూటర్ పెట్టింది. కొన్ని వారాల్లో గోదాము తయారైంది. గోడలు, రేకులు, లారీలు వచ్చే ర్యాంపు అన్నీ కుదిరాయి. కుదరనిది ఒకటే. తిప్పితే అది తిరగడం లేదు. సగం తిరిగి, పెద్ద తలుపు మన వైపు వచ్చే వేళకు ఆగిపోయేది. విమానం ఒకటి మా ఇంటి మీదుగా దిగిపోయి, గిలాసలు గలగలమనడం ఆగిపోయినా గోదాము మాత్రం కదిలేది కాదు. చివరికి తెరంతా తెల్లబడి అంతా మాయమయ్యేది.

"ర్యామ్ పెంచాలె అత్తమ్మా," అంది కోడలు.

"అంటే ఏంది?"

"నువ్వు వడియాలు పెట్టనీకె చీర పరుస్తవు గద. పిండి మస్తుగ ఉన్నది, చెయ్యి గూడ ఆడుతున్నది. చీరనే చిన్నగున్నది. గంతే."

"చీర చాలకపోతె సగం పెట్టి, ఎండినంక ఇంకో సగం పెడతం."

"గిది గూడ గదే చేస్తున్నది. గందుకే ఆగుతున్నది."

"పిండి తక్కువ కలుపు."

"గోదాము చిన్నగ గియ్యమంటవా? కట్టెటాయన ఊకుంటడా?"

జవాబు దొరకనప్పుడు నేను డబ్బు మాట ఎత్తుతాను. అడగకుండా, తెలుసుకోకుండా ఈ ఇంట్లో సూది కూడా కొనేది లేదన్నాను. తెలుసుకోవడానికి దారి కూడా నేనే చూపించాను. నా కొడుకు విమానాశ్రయానికి కారు నడుపుతాడు. అతని కారెక్కే వాళ్లలో సగం మంది కంప్యూటర్ ఉద్యోగాల వాళ్లే. పెద్ద జీతాలిచ్చి కంపెనీలు పెట్టుకున్న బుర్రలు గంటసేపు మా కారు వెనక సీట్లో ఖాళీగా కూర్చుంటాయి. మాకు ఇంతకాలం ఈ ఆలోచన రాకపోవడమే వింత.

"ఎయిర్‌పోర్ట్ కాడ ఎక్కి గచ్చిబౌలి దాంక ఊకె కూసుంటరు గద. అడుగు," అన్నాను.

"గట్ల అడుగుతె రేటింగ్ పోతది అమ్మా."

"మంచిగ అడుగుతె ఏం పోదు. మాట్లాడితె వాళ్ల సొమ్మేం అరుగుతది?"

అలా మొదలైంది మా ర్యామ్ ప్రణాళిక. కొడుకు మధ్యాహ్నం అన్నానికి వచ్చి, కంచం ముందు కూర్చుని, ఆ పూట ఎవరేమన్నారో చెప్పేవాడు. కోడలు వినేది. నేను తీర్పు చెప్పేదాన్ని.

మొదటి ఆయన, పాతది పారేసి కొత్తది కొనమన్నాడు.

"ఏం సామాను తెచ్చిండు?" అని అడిగాను.

"డిక్కీల పట్టలే. ముందు సీట్ల గూడ పెట్టిన."

"గంత సామాను కొనెటాయన గట్లనే అంటడు. ఇంకొకరిని అడుగు."

రెండో ఆయన, గోదామును మన ఇంట్లో ఉంచుకోవడమే తప్పన్నాడు. ఎక్కడో వేరే రాజ్యంలో ఉన్న పెద్ద కంప్యూటర్‌లో పెట్టి, దానికి నెల నెలా కట్టుకుంటూ ఇక్కడి నుంచి చూసుకోవచ్చట.

"అంటె కిరాయికుండుడు," అన్నాను.

"గట్లనే అనుకో."

"గోదాము కట్టకముందే గోదాము కిరాయికి తీసుకుంటరా ఎవరన్న?"

మూడో ఆమె, కంప్యూటర్ ఏ మోడల్ అని అడిగిందట. కొడుకు నల్లగా ఉంటుందని చెప్పాడు. ఆమె చెవుల్లో ఏవో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇంకొకాయన నిద్రపోతుంటే టోల్ గేటు దగ్గర లేపి మరీ అడిగాడు. సలహా రాలేదు, రేటింగ్‌లో ఒక చుక్క మాత్రం పోయింది.

"నిద్రపోయెటోన్ని ఎవడన్న లేపుతడా?" అని కోడలు భర్త మీద విసుక్కుంది.

"నీ గోదాము కోసమే గద లేపింది."

"నా గోదాము కోసం నువ్వు చుక్కలు పోగొట్టుకోకు. రెండు దినాల్ల నేనే పోయి కొనుక్కొస్త."

ఇంకొక ప్రయాణికుడు నిజంగా దయగలవాడు. తన సంచిలోంచి ఒక ర్యామ్ పట్టీ తీసి, తన పాత ల్యాప్‌టాప్‌దనీ, ఊరికే ఉందనీ చెప్పి చేతిలో పెట్టాడు. ఊరికే వచ్చిన వస్తువు మీద నాకు ఉండే ప్రేమ ఇంట్లో అందరికీ తెలుసు. కొడుకు దాన్ని జేబురుమాలులో చుట్టి, ప్రసాదంలా తెచ్చి నా చేతికిచ్చాడు. కోడలు చూసి తిరిగి ఇచ్చేసింది.

"గిది ల్యాప్‌టాప్‌ది. మన దాంట్ల సగం పొడుగు గూడ లేదు. గాడ పట్టది."

"కొంచెం జరిపి పెడితె?"

"రెండేండ్ల పోరని అంగి నీ కొడుక్కు తొడుగుతవా అత్తమ్మా?"

దాన్ని దాచాను. ఏ వేళకు ఏది పనికొస్తుందో చెప్పలేం.

ఇంతలో ఇంజనీరు కబురు పెట్టాడు. కందుకూరు రైతు ఆదివారం వస్తున్నాడు. అప్పటికి కోడలు ఫోన్లో నాలుగు దుకాణాలు అడిగి చూసింది. మా నల్లదానికి మామూలు ర్యామ్ పట్టదట. ఆఫీసుల్లో వాడే రకమే కావాలి. అది తెప్పించడానికి వారం పైనే పడుతుంది. పైగా ఈ మధ్య ర్యామ్ ధరలు కొండెక్కాయని అందరూ ఒకే మాట చెప్పారు. కోడలు సంగతంతా ఇంజనీరుకు చెప్పింది. ఆయన బాధపడ్డాడు. మెత్తటి మాటల మనిషి బాధపడితే మనకే నష్టం.

"తిప్పి చూపించలేకపోతే ఎలాగమ్మా. పోనీ ఫైలు నాకు పంపండి. నగరంలో మా స్నేహితుడి ఆఫీసులో చూపిస్తాను. పేరు సంగతి ఇంకో పనికి చూద్దాం," అన్నాడట.

కోడలు ఈ మాట చెప్పి, ఫైలు శనివారం పంపుతానని చెప్పానంటూ బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆమె మడతలు మామూలుగా నీటుగా ఉంటాయి. ఆ రోజు అంగీల చేతులన్నీ బయటికి వేలాడుతున్నాయి. తర్వాత మళ్లీ నేనే మడిచాను.

శుక్రవారం పగలు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. కొడుకు నుంచి వీడియో ఫోన్ వచ్చింది. ఆరాంఘర్ దగ్గర బండ్లు ఆగిపోయాయట. తెరలో కొడుకు కాదు, కారు వెనక సీట్లో నా ఈడుకు కొంచెం తక్కువ ఉన్న ఒక ఆవిడ కనిపించింది. కళ్లద్దాలు, తెల్ల జుట్టు.

"నమస్కారమండీ. మీ అబ్బాయి మీ కంప్యూటర్ గురించి చెప్పారు. లోపల ఏముందో చూడకుండా ఏం కొనాలో ఎవరు చెప్పగలరు? ఒకసారి మూత తీసి చూపిస్తారా?"

ఇన్ని రోజుల్లో ఇంతమందిని అడిగితే, లోపల చూపించమన్న మనిషి ఈమె ఒక్కతే. నేను మూత తీయనివ్వకపోవడం కూడా ఒక కారణమే అనుకోండి. తెరిచిన వస్తువు మళ్లీ సరిగ్గా మూసుకోదని నా అనుభవం. అయినా ఊళ్లో మనిషి కాదు, అడిగేది కూడా మర్యాదగా ఉంది. ప్లగ్ పీకించి, వెనక్కి తిప్పించింది.

"అవేంటండీ వెనకాల వేలాడుతున్నాయి?"

"సాక్సులు. వేడి గాలి ఊకె పోతుంటె."

తెరలో ఆవిడ ముఖం కదల్లేదు. బొమ్మ ఆగిపోయిందేమో అనుకున్నాను.

"ముందు అవి తీసెయ్యండి. దానికి ఊపిరాడద్దూ," అంది చివరికి. "పక్కన గొళ్లెంలా ఉంటుంది, లాగండి."

లాగితే మూత ఊడి చేతికొచ్చింది. లోపల దుమ్ము, తీగలు, ఒక దిక్కు పెద్ద ఫ్యాను. ఫోను అటూ ఇటూ తిప్పి చూపించాను. ఆవిడ ఆపమంది.

"ఆ ఫ్యాను పక్కన నిలువుగా పట్టీలు ఎన్నున్నాయి?"

"రెండు."

"కింది వైపు చూపించండి. అక్కడ?"

"గాడ గూడ రెండు. నడుమల ఖాళీ జాగ ఉంది, ప్లాస్టిక్ మూత పెట్టిన్రు."

"అదీ సంగతి. ఇందులో ఇద్దరు పనివాళ్లు, అంటే రెండు ప్రాసెసర్లు, కూర్చునే చోటుందమ్మా. ఒకరే ఉన్నారు, ఆ ఫ్యాను కింద. రెండో పనివాడి కుర్చీ ఖాళీ. ఖాళీ కుర్చీ పక్కన సామాను పెడితే ఎవరు వాడతారు? ఆ కింది రెండు పట్టీలు ఊరికే ఉన్నాయి."

"ఎన్నొద్దుల సంది?"

"కొన్నప్పటి నుంచే అయ్యుంటుంది. తెరమీద ర్యామ్ ఎంత చూపిస్తోందో మీ కోడలికి తెలుసా?"

"అమ్మినాయన చెప్పిన దాంట్ల సగం చూపిస్తుందని అన్నది."

"మరి వెళ్లి అడగలేదా మీరు?"

ఆవిడ ఊరు ఏదో తెలియదు. మా దిక్కు మాత్రం అమ్మేవాడి మాటను సగానికి కోసుకునే వింటాం. బర్రె పూటకు ఇన్ని లీటర్లు ఇస్తుందంటే సగం అనుకుంటాం. ప్లాటు నుంచి విమానాశ్రయం ఇంత దూరమంటే రెట్టింపు అనుకుంటాం. కంప్యూటర్‌లో ఇంత ర్యామ్ ఉందన్నాడు, ఇంటికి తెస్తే సగం చూపించింది. లెక్క సరిపోయింది. ఎవరమూ ఆశ్చర్యపోలేదు.

"ఆ రెండిటినీ పైకి, ఫ్యాను పక్కనున్న ఖాళీ గాడుల్లోకి మార్చాలి. మీ కోడలు వచ్చాక చేస్తుంది. మీరు మాత్రం చెయ్యి పెట్టకండి," అంది ఆవిడ. "తడిబట్టతో తుడవకండి కూడా."

తడిబట్ట అప్పటికే నా భుజం మీద ఉంది. మా ఇంట్లో, మా సొమ్ము పెట్టి కొన్నదాన్ని ముట్టుకోవద్దని కారులో పోయే ఆవిడ చెబుతుంటే తలూపి కూర్చోవడం నాకు కొత్త. అంతకంటే బాధ ఇంకొకటి. తిని ఊరికే కూర్చునే వాళ్లను నేను సహించనని చుట్టాలంతా చెప్పుకుంటారు. నా కళ్ల ముందు, నేను కుట్టిన ముసుగు కింద రెండు పట్టీలు ఇన్నాళ్లు హాయిగా కూర్చున్నాయి.

సాయంత్రం కోడలు వచ్చి తెరిచి ఉన్న కంప్యూటర్‌నూ, పక్కన కాపలా కూర్చున్న నన్నూ చూసింది. జరిగిందంతా చెప్పాను. ఆమె చెప్పుల కాళ్లతోనే నిలబడి వింది.

"మొదటి వారంలనే చెప్పిన గద అత్తమ్మా, సగమే చూపిస్తుందని."

"చెప్పినవు."

"మూత తీసి చూస్తనన్న."

"అన్నవు."

"నువ్వేమన్నవ్?"

"అమ్మెటోని మాటల సగం నిజమైతె మంచి బేరమే అన్న. ఇప్పుడు గూడ గదే అంటున్న."

"సగం కాదు, వాడు పూర నిజమే చెప్పిండు."

"పూర నిజం చెప్పెటోడు పనిచేసేటట్టు పెట్టి అమ్మాలె. అడ్డం పెట్టి అమ్మి, మన మీదికే మాట తెచ్చిండు."

కోడలికి నవ్వొచ్చిందో, కోపమొచ్చిందో ముఖం చూస్తే తెలియలేదు. చేతులు కడుక్కుని తుడుచుకుని, ఒంట్లోని కరెంటు పోవాలని పెట్టె ఇనుమును ఒకసారి ముట్టుకుని, కింది పట్టీలను రెండు చివర్లా పట్టుకుని తీసింది. పైన గాడుల్లో పెట్టింది. ప్లగ్ పెట్టి బటన్ నొక్కితే, బొమ్మ రాలేదు. లోపలి నుంచి కూత మొదలైంది. కుక్కర్ విజిల్ కాదు, లారీ వెనక్కి వచ్చేటప్పుడు చేసే చప్పుడు. ఉన్న సగం కూడా పోయిందని నాకు అర్థమైంది. ఈ మాట పైకి అనకుండా ఉండటానికి నేను వంటింట్లోకి పోవలసి వచ్చింది.

అక్కడి నుంచి చూస్తున్నాను. కోడలు మళ్లీ ప్లగ్ తీసింది. ఒక్కొక్క పట్టీ మీద వేలు పెట్టి చూసింది. ఒకటి ఒక చివర సరిగ్గా దిగలేదట. రెండు బొటనవేళ్లతో గట్టిగా నొక్కితే టక్కుమంది. ఈసారి కూత లేదు. తెర వెలిగింది. ఆమె ఏదో తెరిచి, అంకె చూసి, నన్ను పిలవకుండా నేరుగా గోదాము తెరిచింది. తిప్పింది. తలుపు మా వైపు వచ్చింది. ఆగలేదు. వెనక గోడ వచ్చింది. మళ్లీ తలుపు వచ్చింది. కోడలు ఇంజనీరుకు ఫోన్ చేసి, ఫైలు పంపడం లేదు, ఆదివారం మా ఇంటికే రండి అని చెప్పి పెట్టేసింది. ఆయన ఏమన్నాడో అడిగితే, వినలేదంది.

ఆదివారం ఇంజనీరు, కందుకూరు రైతు వచ్చారు. రైతు పెద్దమనిషి. కుర్చీ వేస్తే అంచున కూర్చున్నాడు. కోడలు తెరమీద గోదాము పెట్టి మెల్లగా తిప్పసాగింది. నేను చాయ్ ఇచ్చి, మిగతా గదుల్లో ఫ్యాన్లు ఆపి వచ్చాను. దాని వల్ల కంప్యూటర్‌కు లాభం లేదని కోడలు ముందే చెప్పింది. కరెంటుకైతే ఉంది.

పైకప్పు దగ్గర గోదాము ఆగింది. ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. కోడలు మౌస్ మీంచి చెయ్యి తీయలేదు.

"ఊకోండ్రి, తొందరేముంది," అన్నాడు రైతు. "శ్రీశైలం ఘాట్ ఎక్కెటప్పుడు నా బండి గూడ గిట్లనే ఆలోచన చేస్తది."

ఆయన మాట పూర్తయ్యేసరికి కప్పు కదిలింది. కోడలు ఆయన్ను తలుపులోంచి లోపలికి తీసుకుపోయింది. రైతు ముందుకు వంగాడు.

"పెద్ద లారీ లోపటికి వస్తె మలుపుకునేదెట్ల బిడ్డా?"

కోడలు ఒక లారీని తెచ్చి నిలబెట్టి, లోపలికి నడిపి, మలిపి, బయటికి తెచ్చింది.

"వాన నీళ్లు?"

"వెనుక గోడ పొంటి కాల్వ పెట్టిన పెద్దనాయనా. నీ బోరు దిక్కు పోతయి. ఊకె రోడ్డు మీద పోనిచ్చుడెందుకని."

ఆయన చాయ్ గిలాస కింద పెట్టాడు.

"గిది గీసినోళ్లెవరు?"

ఇంజనీరు తెరను చూశాడు, తన గిలాసను చూశాడు, చివరికి నన్ను చూశాడు. నేను కూడా ఆయన్నే చూస్తున్నాను.

"ఈ అమ్మాయేనండీ. మొత్తం తనే చేసింది," అన్నాడు.

"అయితె ఇగ మార్పులేమన్న ఉంటె బిడ్డకే పోన్ చేస్త. మీకెందుకు పరేషాన్," అన్నాడు రైతు.

పది రోజుల్లోపే నక్షా అచ్చయి వచ్చింది. కోడలు మంచం మీద పరిచింది. నాకు వచ్చిన మూడో తరగతి చదువులో ఇంగ్లీషు లేదు కాబట్టి కొడుకును చదవమన్నాను. అతను మూలనున్న గడి చూసి, ఒకసారి మనసులో చదువుకుని, ఆగాడు.

"ఏమైంది? తప్పు పడ్డదా?"

"పేరు సరిగ్గనే ఉంది. ఇంటిపేరు మనది కాదు. వాళ్ల నాయనది."

కోడలు కాగితం అంచులు సరిచేస్తూ ఉంది.

"సర్టిఫికెట్‌ల ఏముంటె గదే రాయాలె అత్తమ్మా. నేను చదివింది పెండ్లికి ముందు."

నేను మంచం పక్కన కూర్చుని ఆలోచించాను. ప్రయాణికులను బతిమాలింది నా కొడుకు. చుక్కలు పోయింది అతనికి. సాక్సులు తీసింది నేను. ఈ వ్యవహారమంతా నడుస్తుంటే వియ్యంకుడు తన ఊళ్లో వరి చేను గట్టు మీద బీడీ కాల్చుకుంటూ కూర్చుని ఉంటాడు. ర్యామ్ గురించి ఒక్క సలహా ఇచ్చిన పాపాన పోలేదు. ఇప్పుడు కందుకూరులో గోదాము ఉన్నంతకాలం ఆయన ఇంటిపేరు ఆ కాగితం మీద ఉంటుంది. కొడుకు నా ముఖం చూస్తున్నాడు, నేనేదో అంటానని. అనడానికి చాలా ఉంది. కానీ గుర్తుకొచ్చింది, ఆ డిప్లొమా ఫీజులు కట్టింది ఎవరు? మేము కాదు.

"మీ నాయనకు చెప్పినవా?" అని అడిగాను.

"ఇంక చెప్పలే."

"పోన్ చెయ్యి. వచ్చి చూసి పొమ్మను. ఈ మూల లోపటికి మడవకు."